పోలిష్ దుభాషిని కుదుర్చుకోవడం ఎలా: వెతకడం నుంచి బిల్లు కట్టేదాకా

పోలండ్‌లో ఫ్లాట్ కొనేవాళ్లు, కంపెనీ రిజిస్టర్ చేయించేవాళ్లు, పెళ్లి చేసుకోబోయేవాళ్లు, ఫ్యాక్టరీ చూసి మిషన్లకు ఆర్డర్ ఇచ్చేవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మంచి ఇంటర్‌ప్రెటర్ ఎవరైనా తెలుసా?"

ఒక పేరు చెప్పేసినంత మాత్రాన ఆ ప్రశ్న తీరదు. సదస్సులో అద్భుతంగా మాట్లాడే మనిషికి నోటరీ ముందు కూర్చునే అర్హత లేకపోవచ్చు. కోర్టు పనిలో తలపండిన మనిషి బాయిలర్ ప్లాంటులో పైపుల పేర్ల దగ్గర తడబడొచ్చు. అందుకే ఎవరికి వారు తమ పనికి సరిపోయే ఫ్రీలాన్స్ దుభాషిని ఎలా పట్టుకోవాలో వరుసగా రాస్తున్నాను. దయచేసి వరుస మార్చకండి. చాలామంది నాలుగో అడుగుతో మొదలుపెట్టి, రెండు రోజులు పోగొట్టుకుని, మళ్లీ ఒకటో అడుగుకు వస్తారు.

## 1. దుభాషి కావాలన్నది ఎవరు? మీరా, చట్టమా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పోలండ్‌లో దుభాషీలు రెండు రకాలు.

మొదటి రకం ప్రమాణ దుభాషీలు. పోలిష్‌లో "ట్వుమాచ్ ప్షిషెంగ్వి" అంటారు. వీళ్ల వృత్తికి 2004 నవంబర్ 25 నాటి ప్రత్యేక చట్టం ఉంది. పరీక్ష పాసై, ప్రమాణం చేసి, న్యాయ మంత్రిత్వ శాఖ జాబితాలోకి ఎక్కుతారు. సొంత ముద్ర ఉంటుంది. గోప్యత, నిష్పాక్షికత వీళ్లకు చట్టం విధించిన బాధ్యతలు.

రెండో రకం మామూలు ఫ్రీలాన్సర్లు. ఈ పని చేయడానికి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఇందులో అంతర్జాతీయ సదస్సులు నడిపే దిగ్గజాలూ ఉంటారు, నిన్న మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు.

ఏ పనికి ఎవరు కావాలి?

- నోటరీ దస్తావేజు (ఇల్లు, కంపెనీ, పవర్ ఆఫ్ అటార్నీ): ప్రమాణ దుభాషి.
- సివిల్ రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్లి: ప్రమాణ దుభాషి. జంటలో ఒకరికి పోలిష్ వచ్చినా రెండోవాళ్లకు రాకపోతే అడుగుతారు.
- డ్రైవింగ్ పరీక్ష: మీకు వచ్చిన భాషలో పరీక్ష లేకపోతే సొంత ఖర్చుతో ప్రమాణ దుభాషిని తీసుకెళ్లొచ్చు. ముందే పరీక్షా కేంద్రానికి చెప్పండి.
- వ్యాపార చర్చలు, ఫ్యాక్టరీ సందర్శన, ఎగ్జిబిషన్, ట్రైనింగ్: ప్రమాణ ముద్రతో పనిలేదు. ఆ రంగం తెలిసిన మనిషి కావాలి.
- డాక్టర్ దగ్గరకు: ముద్ర అక్కర్లేదు. వైద్య పదాలు తెలిసి, నోరు జారని మనిషి కావాలి.
- రెసిడెన్స్ కార్డు పనికి వోయివోడ్‌షిప్ (రాష్ట్రం లాంటి ప్రాంతం) ఆఫీసుకు: మాట సాయానికి మామూలు దుభాషి సరిపోవచ్చు. కానీ అక్కడ ఇచ్చే పరభాషా పత్రాల రాత అనువాదం మాత్రం ప్రమాణ అనువాదకులే చేయాలి.

కోర్టు, పోలీసు వ్యవహారమైతే ఆగండి. పోలండ్ కోర్టులో పోలిష్ రానివాళ్లకు ఉచితంగా దుభాషి సాయం పొందే హక్కు ఉంది. క్రిమినల్ కేసులో నిందితుడికీ ఆ హక్కు ఉంది. యూరోపియన్ యూనియన్ 2010 నాటి 64వ నంబర్ ఆదేశం కూడా దీన్నే చెబుతుంది. "నాకు పోలిష్ సరిగా రాదు, దుభాషి కావాలి" అని మొదటి నిమిషంలోనే చెప్పండి. కొద్దిగా వచ్చు కదా అని మొహమాటపడి విచారణకు కూర్చోకండి. మీరు సొంతంగా డబ్బిచ్చి తెచ్చుకోవాల్సిన అవసరం మీ లాయర్‌తో ప్రైవేటుగా మాట్లాడుకునేటప్పుడే ఎక్కువగా వస్తుంది.

అనుమానం ఉంటే ఆ ఆఫీసుకే ఒక మెయిల్ పెట్టండి: "ప్రమాణ దుభాషి తప్పనిసరా?" జవాబు రాతలో ఉంటే తర్వాత గొడవ ఉండదు.

## 2. ఏ పద్ధతి, ఏ భాష?

పద్ధతి. మీరు రెండు మూడు వాక్యాలు మాట్లాడి ఆగితే దుభాషి చెప్పడం ఒక పద్ధతి. చిన్న మీటింగ్, నోటరీ, డాక్టర్, అన్నిటికీ ఇదే చాలు. కాకపోతే సమయం దాదాపు రెట్టింపు పడుతుంది.

మాట్లాడుతుండగానే హెడ్‌ఫోన్‌లో వినిపించేది రెండో పద్ధతి. దీనికి బూత్ (దుభాషీలు కూర్చునే చిన్న గది) కావాలి, ఇద్దరు దుభాషీలు కావాలి. 20, 30 నిమిషాలకోసారి వాళ్లు మారుతుంటారు, ఎందుకంటే అంతకుమించి ఒకే మనిషి ఆ ఏకాగ్రతను నిలబెట్టలేడు. రోజంతా నడిచే సదస్సును ఒక్కడినే చేస్తానని ఎవరైనా ఒప్పుకుంటే తక్కువ ధర చూసి సంతోషించకండి. అతను వద్దు.

వినేవాళ్లు ఒకరో ఇద్దరో అయితే పక్కన కూర్చుని చెవిలో మెల్లగా చెప్పే పద్ధతి ఉంది. ఫ్యాక్టరీ లోపల మిషన్ల మోతలో మాత్రం ఇది పనిచేయదు. అక్కడ మైకు, ఇయర్‌ఫోన్లు ఉన్న టూర్‌గైడ్ సెట్ అద్దెకు తీసుకోవాలి. దుభాషి వెంట తెస్తాడని అనుకోకండి, పరికరాల అద్దె వేరే లెక్క.

భాష. తెలుగు నుంచి నేరుగా పోలిష్‌లోకి చెప్పేవాళ్ల కోసం వారాలు వెతకడం కంటే పోలిష్–ఇంగ్లిష్ దుభాషిని తీసుకోవడమే తెలివైన పని. అక్కడే ఎంచుకోవడానికి ఎక్కువమంది దొరుకుతారు. కానీ నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోండి: సంతకం పెట్టబోయే మనిషి ఇంగ్లిష్ మీద పూర్తిగా ఆధారపడగలడా? పెద్దవాళ్లు సంతకం చేయాల్సి ఉంటే ఇంగ్లిష్‌తో సరిపెట్టకండి. న్యాయ శాఖ జాబితాలో వాళ్లకు వచ్చిన భాష ఉందేమో చూడండి. లేకపోతే నోటరీతో ముందే మాట్లాడి, పవర్ ఆఫ్ అటార్నీ దారి కుదురుతుందేమో కనుక్కోండి.

## 3. ఫోన్ చేయకముందే వివరాలు రాసిపెట్టుకోండి

"మార్చిలో ఒక రోజు ఖాళీనా, ఎంత తీసుకుంటారు?" అని మెసేజ్ పెడితే మంచి దుభాషి జవాబు ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఇలా రాయండి:

> పని: ఫ్లాట్ కొనుగోలు, నోటరీ దస్తావేజు
> తేదీ, సమయం: మార్చి 14, ఉదయం 10:00 నుంచి సుమారు 12:30
> చోటు: వార్సా, మొకోతుఫ్ ప్రాంతంలో నోటరీ ఆఫీసు
> భాషలు: పోలిష్–ఇంగ్లిష్, రెండువైపులా
> ప్రమాణ దుభాషి: తప్పనిసరి
> హాజరయ్యేవాళ్లు: కొనేవాళ్లు ఇద్దరు, అమ్మేవారు ఒకరు, నోటరీ
> కాగితాలు: ముసాయిదా సుమారు 12 పేజీలు, మూడు రోజుల ముందు పంపుతాం
> బిల్లు: వ్యక్తిగత పేరు మీద
> జవాబు కావాల్సిన గడువు: మార్చి 3

దీన్ని ఒకేసారి నలుగురైదుగురికి పంపండి. మొదటి పలకరింపులో మహిళ అయితే "పాని", పురుషుడైతే "పాన్" అని పెట్టడం అక్కడి మర్యాద. ఒకరిని ఖాయం చేసుకున్నాక మిగతావాళ్లకు "కుదిరింది, ధన్యవాదాలు" అని చెప్పండి. వాళ్లు మీ కోసం ఆ తేదీని అట్టిపెట్టి ఉండొచ్చు.

ఎన్నాళ్ల ముందు? నోటరీ, పెళ్లి లాంటి పనులకు రెండు మూడు వారాలు ఉంటే నిశ్చింత. సదస్సుకు ఇంకా ఎక్కువ వ్యవధి ఇవ్వండి. పోజ్నాన్, కీల్త్సె నగరాల్లో పెద్ద ఎగ్జిబిషన్లు జరిగే వారాల్లో అక్కడి దుభాషీలు ముందే బుక్ అయిపోతారు. మే 1, మే 3 సెలవుల మధ్య ఒక్కరోజు కలుపుకుని జనం ఊళ్లకు పోతారు, ఆ వారంలో తేదీ పెట్టుకోకపోవడమే మంచిది. నవంబర్ 1, నవంబర్ 11 కూడా సెలవులే.

## 4. ఎక్కడ వెతకాలి

న్యాయ మంత్రిత్వ శాఖ జాబితా. ప్రమాణ దుభాషి కావాలంటే మొదటి, చివరి చోటు ఇదే. ప్రభుత్వ సైట్‌లో భాషను, ఊరిని బట్టి వెతకొచ్చు. పేరు, జాబితా నంబరు, సంప్రదించే వివరాలు ఉంటాయి. ఖర్చు లేదు.

ఇక్కడొక చిక్కుంది. పోలిష్‌లో రాత అనువాదం చేసేవారినీ, మాట అనువాదం చేసేవారినీ ఒకే పేరుతో పిలుస్తారు. జాబితాలో ఉన్నవాళ్లలో చాలామంది రోజూ చేసేది పత్రాల అనువాదం. "మీరు మౌఖికంగా చేస్తారా? నోటరీ పని చేస్తారా?" అని మొదటి వాక్యంలోనే అడగండి.

వృత్తి సంఘాలు. పోలండ్ అనువాదకుల సంఘం ఎస్‌టీపీ 1981లో ఏర్పడింది. ప్రమాణ, ప్రత్యేక రంగాల అనువాదకుల సంఘం టెపిస్ 1990 నుంచి ఉంది. సదస్సు దుభాషీలకు పీఎస్‌టీకే ఉంది. గ్డాన్స్క్ వైపు బాల్టిక్ అనువాదకుల సంఘం బీఎస్‌టీ ఉంది. సంఘంలో చేరిన మనిషి అంటే తోటివాళ్లు ఎరిగిన మనిషి అని లెక్క.

ఏఐఐసీ. అంతర్జాతీయ సదస్సు దుభాషీల సంఘం. వీళ్ల జాబితాలో ప్రతి పేరు పక్కన ఏ, బీ, సీ అని భాషలు ఉంటాయి. ఏ అంటే మాతృభాష. బీ అంటే మాతృభాష కాకపోయినా అందులోకి చెప్పగల భాష. సీ అంటే విని అర్థం చేసుకుంటారు, అందులోకి చెప్పరు. ఇంగ్లిష్ సీగా ఉన్న వ్యక్తి మీ కోసం పోలిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి చెప్పరు. అలాగే, యూరోపియన్ యూనియన్ సంస్థల దుభాషి పరీక్ష పాసైనవాళ్లు దొరికితే అది గట్టి సాక్ష్యం.

ఆన్‌లైన్ డైరెక్టరీలు. ప్రోజ్ లాంటి సైట్లలో ఎంతోమంది ఉంటారు. ప్రొఫైల్ ఎవరిది వారే రాసుకుంటారు కాబట్టి అక్కడ పేర్లు మాత్రమే ఏరుకుని, తర్వాతి అడుగులో జల్లెడ పట్టండి.

మనుషుల ద్వారా. ఇది చాలామందికి తట్టదు. నోటరీ ఆఫీసుకే ఫోన్ చేసి "మీ దగ్గరకు తరచూ వచ్చే ఇంగ్లిష్ ప్రమాణ దుభాషీలు ఎవరు?" అని అడగండి. నోటరీ పద్ధతి తెలిసిన మనిషి దొరికితే సగం టెన్షన్ పోయినట్టే.

ఏజెన్సీ సంగతి? ఇద్దరు ముగ్గురు దుభాషీలు, బూత్, సౌండ్ అన్నీ కావాలంటే ఏజెన్సీ మేలు. ఒక్క మనిషి కావాలంటే నేరుగా ఫ్రీలాన్సర్‌తో మాట్లాడటమే నయం, రాబోయేది ఎవరో మీకు ముందే తెలుస్తుంది.

## 5. ఆరా తీయడం

కాగితాల తనిఖీ పది నిమిషాల పని. తప్పించుకోకండి.

☐ ప్రమాణ దుభాషి అయితే జాబితా నంబరు అడిగి మంత్రిత్వ శాఖ సైట్‌లో సరిచూడండి. భాష కూడా మీకు కావాల్సినదేనా అని చూడండి. జర్మన్‌కు ప్రమాణం చేసిన వ్యక్తి ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడినా ఇంగ్లిష్ దస్తావేజుకు పనికిరారు.
☐ బిల్లు ఇచ్చే ఫ్రీలాన్సర్‌కు పది అంకెల పన్ను నంబరు ఉంటుంది, అక్కడ నిప్ అంటారు. దాంతో చిన్న వ్యాపారుల ప్రభుత్వ రిజిస్టర్ సీఈఐడీజీ (CEIDG)లో ఉచితంగా వెతకొచ్చు. వ్యాపారం నడుస్తోందా, ఆపేశారా అన్నది అక్కడ కనిపిస్తుంది.
☐ ఇదే రకం పని చేయించుకున్న ఒకరిద్దరి పేర్లు అడగండి. గోప్యత వల్ల కొందరు ఇవ్వరు. దాన్ని తప్పుగా తీసుకోకండి, సంఘ సభ్యత్వం లాంటి వేరే ఆధారం చూడండి.

తర్వాత పది నిమిషాల వీడియో కాల్. ఇందులో అడగాల్సినవి తక్కువే:

- ఈ రకం పని చివరిసారి ఎప్పుడు చేశారు?
- ముందుగా నా నుంచి ఏం కావాలి?
- మీకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని పంపుతారు?

రెండో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం. అనుభవం ఉన్న దుభాషి మీరు అడగకముందే ముసాయిదా, పాల్గొనేవారి పేర్లు, సమయం అడుగుతారు. "ఏమీ అక్కర్లేదు, నేను చూసుకుంటా" అన్నారంటే జాగ్రత్తపడండి.

పోలిష్ రాని మీరు వాళ్ల పోలిష్‌ను ఎలా కొలుస్తారు? దానికో ఉపాయం ఉంది. పోలండ్ ప్రభుత్వ సైట్‌లో కొన్ని పేజీలు పోలిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. మీ పనికి దగ్గరగా ఉన్న ఒక పేజీ ఎంచుకోండి. పోలిష్ పేరా ఒకటి స్క్రీన్ మీద పెట్టి, చూస్తూ ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మీ చేతిలో ఇంగ్లిష్ పేజీ ఉంచుకోండి. మాటకు మాట కలవాలని చూడకండి. గడువులు, అంకెలు, "తప్పనిసరి", "వీలుంటే" లాంటి మాటలు చేరాయా లేదా అన్నదే చూడండి. రెండు నిమిషాలు చాలు. అంతకుమించి పరీక్ష పెట్టాలంటే డబ్బు ఇవ్వండి.

ప్రమాణ దుభాషి అన్నంత మాత్రాన అన్నీ వచ్చని అనుకోవద్దు. 2005కు ముందు నియమితులైనవాళ్లు ఇప్పటి పరీక్ష రాయకుండానే వృత్తిలోకి వచ్చారు. వాళ్లలో గొప్ప అనుభవజ్ఞులున్నారు, మాట పని మానేసి పత్రాలకే పరిమితమైనవాళ్లూ ఉన్నారు. ఇప్పటి పరీక్షలో కూడా మౌఖికంగా అడిగేది ఆగి చెప్పడం, పత్రం చూస్తూ చెప్పడం. బూత్‌లో కూర్చుని చేసే పని వేరే విద్య.

## 6. ధర, ఒప్పందం

కోర్టు, పోలీసు పనులకు ప్రమాణ దుభాషీల రేట్లు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. మీరు ప్రైవేటుగా పిలిస్తే ఆ రేట్లు వర్తించవు, మాట్లాడుకున్నదే ధర. "ప్రభుత్వ రేటు ఇంతే కదా" అని బేరం మొదలుపెడితే అక్కడితో సంభాషణ అయిపోతుంది.

నోటరీ, రిజిస్ట్రీ పనులకు గంటల లెక్క మామూలు, మొదలైన గంటను పూర్తి గంటగా లెక్కిస్తారు. వ్యాపార పనులకు, సదస్సులకు 4 గంటల బ్లాకు, 8 గంటల రోజు అని అమ్ముతారు. గంటన్నర పనికైనా 4 గంటల బ్లాకు తీసుకోవాల్సి రావొచ్చు. అందులో అన్యాయం ఏమీ లేదు, ఆ పూట వాళ్లు ఇంకో పని ఒప్పుకోలేరు.

ధర విన్నాక అడగాల్సిన మాట: "నెట్టోనా, బ్రుట్టోనా?" నెట్టో అంటే పన్ను కలపని ధర. అక్కడ వ్యాట్ 23 శాతం. 1,000 జ్లోటీలు నెట్టో అంటే చేతి నుంచి పోయేది 1,230. చిన్న ఫ్రీలాన్సర్లలో కొందరికి వ్యాట్ మినహాయింపు ఉంటుంది. వాళ్లు చెప్పిందే పూర్తి ధర.

బిల్లు ఇవ్వకుండా వ్యక్తిగత కాంట్రాక్టు మీద చేస్తామనేవాళ్లు కూడా ఉంటారు. మీరు అక్కడి కంపెనీ తరఫున తీసుకుంటే పన్ను లెక్కలు మీ నెత్తిన పడతాయి. అకౌంటెంట్‌ను అడిగాకే ఒప్పుకోండి.

మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాల్సినవి:

☐ తేదీ, చోటు, మొదలు, ముగింపు సమయం
☐ ధర, పన్ను, చెల్లించే గడువు
☐ సమయం దాటితే అదనపు గంటకు ఎంత
☐ ప్రయాణం, బస ఎవరిది (క్రాకోవ్ మనిషిని వ్రోత్స్వాఫ్‌కు పిలిస్తే రైలు టికెట్‌తో పాటు ప్రయాణ సమయానికి కూడా అడగొచ్చు)
☐ రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందు ఎంత కట్టాలి
☐ రికార్డింగ్ చేస్తారా, చేస్తే ఎక్కడ వాడతారు
☐ గోప్యత
☐ రాలేకపోతే ప్రత్యామ్నాయం

చివరిది ప్రమాణ దుభాషీల విషయంలో మరీ ముఖ్యం. కోర్టు, ప్రాసిక్యూటర్, పోలీసులు పిలిస్తే బలమైన కారణం లేకుండా వాళ్లు కాదనడానికి చట్టం ఒప్పుకోదు. హఠాత్తుగా పిలుపు వస్తే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి.

మామూలు ఫ్రీలాన్సర్ అయితే ఒక పేజీ గోప్యతా పత్రం మీద సంతకం తీసుకోండి. మీ కాగితాలను ఉచిత ఆన్‌లైన్ అనువాద టూల్స్‌లో పెట్టకూడదన్న మాట అందులో ఉండాలి.

## 7. ముందుగా పంపాల్సిన సామగ్రి

దుభాషి ఎంత గొప్పవాడైనా, రేపు వినబోయే సంగతి ఈరోజు తెలియకపోతే సగం శక్తితోనే పనిచేస్తాడు. మీరు చేయగలిగిన వాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, పైగా ఖర్చు లేనిది.

- అజెండా, పాల్గొనేవారి పేర్లు, హోదాలు. మన పేర్లు అక్కడివారికి కొత్త, పలికే తీరు వాయిస్ మెసేజ్‌లో పంపండి.
- ప్రెజెంటేషన్, ఒప్పందం ముసాయిదా. "ఇంకా ఫైనల్ కాలేదు" అని ఆపకండి, ఉన్నది పంపి తర్వాత మార్పులు చెప్పండి.
- మీ కంపెనీలో వాడే పదాలు, పొట్టి పేర్లు ఒక పేజీలో.
- ఇంతకుముందు నడిచిన ఉత్తరాల సారాంశం.
- డాక్టర్ పని అయితే వాడుతున్న మందుల పేర్లు, పాత రిపోర్టులు.

లక్షలు, కోట్లను మిలియన్లలోకి మార్చి రాయండి. మీరు ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ "ఫిఫ్టీ లాక్స్" అంటే పోలిష్ దుభాషి అక్కడే ఆగిపోవచ్చు, లేదా తప్పు లెక్క చెప్పొచ్చు. అది 5 మిలియన్లు. ఇంకా పెద్ద అంకెలు ఉంటే మరింత జాగ్రత్త. మన 100 కోట్లను పోలిష్‌లో మిలియార్ద్ అంటారు. వాళ్ల బిలియన్ అంటే లక్ష కోట్లు. ఇంత పెద్ద తేడా నోటి మాట మీద వదిలేయకండి, అంకె వేసిన కాగితం బల్ల మీద ఉంచండి.

## 8. నోటరీ ముందు: వరుసగా

ఎక్కువ మంది భయపడేది, ఎక్కువ డబ్బు ముడిపడేది ఈ పని. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1. నోటరీ ఆఫీసు నుంచి ముసాయిదా తెప్పించుకోండి. "రోజు ముందు ఇస్తాం" అంటే ఒప్పుకోకండి, మూడు రోజులు అడగండి.
2. ముసాయిదా దుభాషికి పంపండి. కావాలంటే రాత అనువాదం కూడా చేయించుకోండి. అది వేరే పని, వేరే ధర. ప్రమాణ అనువాదంలో ఒక పేజీ అంటే 1,125 అక్షరాలు, ఖాళీలతో కలిపి. మీ 12 పేజీల ముసాయిదా వాళ్ల లెక్కలో అంతకంటే చాలా ఎక్కువ పేజీలు కావొచ్చు. ముందే అంచనా అడగండి.
3. దుభాషి పేరు, జాబితా నంబరు, గుర్తింపు వివరాలు నోటరీకి ముందుగా చేరాలి. దస్తావేజులో అవి రాస్తారు.
4. సందేహాలు ముందు రోజే తీర్చుకోండి. తాళాలు ఎప్పుడు ఇస్తారు, డబ్బు ఏ ఖాతాకు, అపార్ట్‌మెంట్ మీద తనఖా ఉందా, పార్కింగ్ కలిసే ఉందా అన్నవి నోటరీని, మీ లాయర్‌ను అడగండి. దుభాషిని కాదు.
5. ఆ రోజు పావుగంట ముందు చేరండి. పాస్‌పోర్టు తప్పనిసరి.
6. నోటరీ దస్తావేజును పోలిష్‌లో బయటికి చదువుతారు. అది చట్టం ప్రకారం చేయాల్సిన పని. చదవడం చాలా వేగంగా సాగుతుంది. పేరా అయ్యాక ఆగమని మొదట్లోనే కోరండి. అది మీ హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు.
7. వింటున్నప్పుడు మీ కాపీలో పేర్లు, పాస్‌పోర్టు నంబరు, విస్తీర్ణం, ధర, తేదీలు ఒక్కొక్కటిగా టిక్ పెట్టండి.
8. అర్థం కానిచోట ఆపండి. తలూపకండి. అటువైపు ఇద్దరు గడియారం చూసుకుంటున్నారని మనం మొహమాటంతో "ఓకే ఓకే" అంటాం. ఆ ఓకే కింద సంతకం మీది.
9. దుభాషి కూడా సంతకం పెడతారు. కాబట్టి మనిషి ఎదురుగా ఉండాలి, వీడియో కాల్ మీద కుదరదు.

బిల్డర్ "మా దగ్గర దుభాషి ఉన్నారు, మీకెందుకు శ్రమ" అనొచ్చు. ప్రమాణ దుభాషి నిష్పాక్షికంగా ఉండాలన్నది చట్టమే. అయినా మీ డబ్బుతో మీరు ఎంచుకున్న మనిషి పక్కన ఉంటే ప్రశ్న అడగడానికి మీకు సంకోచం ఉండదు. నా సలహా అదే.

## 9. మామూలు మీటింగ్‌లో

దుభాషిని మీకూ అవతలివారికీ మధ్య, ఇద్దరి నోళ్లూ కనిపించే చోట కూర్చోబెట్టండి. మీరు మాత్రం అవతలి మనిషిని చూస్తూ మాట్లాడండి.

"ఆయన్ని ధర తగ్గించమని అడగండి" అని దుభాషితో అనకండి. నేరుగా "మీరు ధర తగ్గించగలరా?" అనండి. దుభాషి మీ గొంతుగా, "నేను" అనే చెబుతారు.

రెండు మూడు వాక్యాలకు ఆగండి. వాక్యం మధ్యలో ఆపకండి, క్రియ రాకముందే ఆపితే వాళ్లు ఏమీ చెప్పలేరు. సామెతలు, జోకులు వీలైనంత తగ్గించండి.

గంటన్నరకోసారి విరామం ఇవ్వండి. భోజన సమయంలో కూడా అనువాదం చేయమంటే ఆ మనిషి తినేదెప్పుడు?

## 10. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

స్నేహితుడిని తీసుకెళ్లడం. పోలిష్ బాగా వచ్చిన స్నేహితుడు షాపింగ్‌కు, ఫోన్ బిల్లుకు సరే. ఒప్పందానికి, ఆపరేషన్ నిర్ణయానికి వద్దు. పిల్లలను అసలే వద్దు. తల్లిదండ్రుల రోగం గురించి డాక్టర్ చెప్పే మాట పిల్లల నోటితో పలికించకండి.

సమయం తప్పుగా అర్థమవడం. పోలిష్‌లో ఏడున్నరను "ఎనిమిదికి అర" అన్నట్టుగా చెబుతారు. మాటల్లో ఎనిమిదిన్నర అనిపించే ప్రమాదం ఉంది. అపాయింట్‌మెంట్లన్నీ 24 గంటల పద్ధతిలో, 07:30 అని అంకెల్లో రాయించుకోండి.

దుభాషిని సలహాదారుగా వాడటం. "సంతకం పెట్టమంటారా?" అని అడగకండి. మంచి దుభాషి జవాబు చెప్పరు. చెబితే అది ఇంకా పెద్ద సమస్య.

చివరి నిమిషంలో దుభాషి రాలేకపోవడం. మొదట ఆ దుభాషినే బదులు మనిషిని అడగండి, తోటివాళ్లు వాళ్లకు తెలుసు. తర్వాత నోటరీ ఆఫీసును అడగండి. ఎవరూ దొరకకపోతే తేదీ మార్చండి. అర్థం కాని దస్తావేజు మీద సంతకం కంటే వారం ఆలస్యం ఎన్నో రెట్లు నయం.

అనువాదం సరిగా లేదని మధ్యలో అనిపించడం. అవతలివాళ్లు నిమిషం మాట్లాడితే మీకు రెండు ముక్కలు మాత్రమే అందుతున్నాయా? విరామం అడిగి, దుభాషిని పక్కకు పిలిచి "సారాంశం వద్దు, మొత్తం చెప్పండి" అనండి. చాలాసార్లు ఇంతటితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకుండా లేవండి.

## 11. పని అయ్యాక

బిల్లుపై పేరు, నిప్, గంటలు, పన్ను సరిచూసి గడువులోపు కట్టండి. కంపెనీ నుంచి పెద్ద మొత్తం పంపుతుంటే, వ్యాట్ చెల్లించేవారి ప్రభుత్వ జాబితాలో ఆ బ్యాంకు ఖాతా ఉందో లేదో చూడండి. దాన్ని అక్కడ "తెల్ల జాబితా" అంటారు.

ప్రమాణ దుభాషీలు తాము చేసిన మౌఖిక పనుల తేదీ, చోటు, వ్యవధి కూడా ఒక పుస్తకంలో నమోదు చేస్తారు. తర్వాత ఏదైనా వివాదం వస్తే అది ఆధారం అవుతుంది. అందుకే పేరు, జాబితా నంబరు మీ దస్తావేజు కాపీతో పాటు దాచుకోండి.

నచ్చితే మీ పనికి తయారుచేసుకున్న పదాల పట్టిక పంపమని అడగండి, చాలామంది ఇస్తారు. అదే వ్యవహారం ముందుకు సాగుతుంటే మళ్లీ అదే మనిషిని పిలవండి.

పని నిర్లక్ష్యంగా జరిగిందనిపిస్తే ముందు రాతలో ఆ మనిషికే చెప్పి వివరణ అడగండి. ప్రమాణ దుభాషి అయితే వోయివోడ్‌కు (వోయివోడ్‌షిప్ ప్రభుత్వ అధిపతికి) గానీ, న్యాయ మంత్రిత్వ శాఖకు గానీ ఫిర్యాదు చేయొచ్చు. తేదీ, చోటు, జాబితా నంబరు, ఏ వాక్యం దగ్గర ఏం తప్పు జరిగిందో రాసి, ఉన్న కాగితాల కాపీలు జతచేయండి.